ఒడంబడికలను చదివిన పండితుడు: డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్

దేశాల మధ్య కుదిరే ఒడంబడికలు రాజులకూ మంత్రులకూ సంబంధించిన వ్యవహారాలనీ, పల్లెటూరి రైతుకు వాటితో పనిలేదనీ సామాన్యంగా అనుకుంటాము. అది నిజం కాదు. మా నాదెండ్ల కొండవీటి సీమలోనిది. ఈ సీమ ఒకప్పుడు ముర్తజానగర్ సర్కారు, అనగా గుంటూరు సర్కారు క్రింద ఉండేది. 1766లో నిజాం అలీ ఖాన్‌కూ ఈస్టిండియా కంపెనీకీ జరిగిన ఒడంబడికతో ఉత్తర సర్కారులు కంపెనీకి దఖలు పడ్డాయి. కాగా గుంటూరు సర్కారు మాత్రం నిజాం సోదరుడు బసాలత్ జంగ్ జీవించి ఉన్నంత కాలం ఆయన చేతిలోనే ఉండాలని అందులో షరతు. ఆయన 1782లో మరణించారు. ఆ షరతు ప్రకారం ఈ నేల కంపెనీకి అప్పగింత అయ్యేసరికి 1788 వచ్చింది. ఒక షరతును బట్టి, ఒక మనిషి ఆయుర్దాయాన్ని బట్టి, ఇక్కడి రైతు శిస్తు ఎవరికి కట్టాలో తేలింది. ఆ రైతును అడిగినవారు లేరు.

పాలస్తీనా ప్రజల గతి కూడా ఇటువంటి కాగితాలతోనే ముడిపడింది. 1917 నాటి బాల్ఫర్ ప్రకటన, 1947 నాటి విభజన తీర్మానం, 1967 నాటి 242వ తీర్మానం, 1979 నాటి ఈజిప్టు-ఇజ్రాయేల్ సంధి, 1993 నాటి ఓస్లో ఒప్పందం: వీటి పేర్లు మనలో చాలామందికి తెలుసు. వాటిలో ఏమి వ్రాసి ఉందో చదివినవారు తక్కువ. అరబ్బులకూ ఇజ్రాయేలుకూ మధ్య వైరం గురించి మాట్లాడేటప్పుడు మన మసీదు అరుగుల మీదా, సభలలోనూ ఆవేదన ఉంటుంది, ఆగ్రహం ఉంటుంది, పత్రం ఉండదు. పైగా, దైవప్రవక్త (స) కాలంలో యూద తెగలతో జరిగిన సంఘటనలను నేటి తగాదాకు ఎవరికి తోచినట్టు వారు అతికించడం కూడా పెరిగింది. ముస్లిములలో కొందరు ఆ పని చేస్తున్నారు, ఇస్లాంను నిందించేవారూ చేస్తున్నారు.

అందుచేత ఆ తొలినాటి ఒడంబడికలను ఒక్కొక్కటిగా వెదకి, ప్రతులు సరిచూసి, అంతర్జాతీయ న్యాయశాస్త్ర దృష్టితో లోకం ముందు ఉంచిన ఒక పండితుని కృషిని పాఠకులకు పరిచయం చేయడం అవసరమని భావిస్తున్నాను. ఆయన మన హైదరాబాదువారు. పేరు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్. ఆయన ప్రధాన గ్రంథాలు ఇజ్రాయేల్ రాజ్యం ఏర్పడిన తర్వాతి రాజకీయాల మీద వ్రాసినవి కావు. కాని ఆ రాజకీయాలలో మాటిమాటికీ దృష్టాంతాలుగా వాడబడే పత్రాలకు ఆయన కంటె నమ్మదగిన మార్గదర్శి మన ప్రాంతంలో పుట్టలేదు.

చదువు, సంస్కారం

హమీదుల్లాహ్ 1908లో హైదరాబాదులో జన్మించారు. వారిది నవాయత్ వంశం. తరతరాలుగా ఆర్కాటు, మదరాసు ప్రాంతాలలో విద్వాంసులుగా, ఖాజీలుగా పేరుపొందిన కుటుంబం. ఆయన దారుల్ ఉలూమ్‌లోనూ, జామియా నిజామియాలోనూ ధర్మవిద్యలు అభ్యసించి, తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ., న్యాయశాస్త్ర పట్టాలు పొందారు. మదరసా చదువూ, విశ్వవిద్యాలయపు చదువూ రెండు వేరు దారులని భావించే ఆ రోజులలో రెండింటినీ ఒకే మనిషి ఇంత నిష్ఠతో నడవడం విశేషమే.

ఆనాటి ఉస్మానియాను గురించి ఒక్క మాట. అక్కడ ఉన్నత విద్య అంతా ఉర్దూలో సాగేది. దాని కోసం 1917లో దారుత్తర్జుమా అనే అనువాద శాఖ నెలకొన్నది. న్యాయశాస్త్రం, వైద్యం, గణితం మొదలైన గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చే పని అక్కడ జరిగేది. ఒక పారిభాషిక పదానికి సరైన మాట ఏదని పండితులు కూర్చుండి చర్చించే వాతావరణం అది. మాటకు అంత విలువనిచ్చిన చోట చదువుకున్న విద్యార్థి తర్వాత ఒడంబడికలలోని మాటలను తూకం వేసి చూడడంలో ఆశ్చర్యం లేదు.

హమీదుల్లాహ్ 1933లో జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. ఇస్లామీయ అంతర్జాతీయ న్యాయంలో తటస్థత అన్నది ఆయన పరిశోధనాంశం. ఆ వెంటనే పారిస్‌లోని సోర్బాన్‌లో మరొక పరిశోధన చేసి 1935లో రెండవ డాక్టరేటు అందుకున్నారు. దైవప్రవక్త (స), ఖలీఫాల కాలపు దౌత్య వ్యవహారాల పత్రాలు దాని విషయం. హైదరాబాదుకు తిరిగివచ్చి ఉస్మానియాలోనే అధ్యాపకులై అంతర్జాతీయ న్యాయశాస్త్రం బోధించారు.

‘సియర్’ అంటే ఏమి?

మన ఫిఖ్హ్ గ్రంథాలలో నమాజు, ఉపవాసం, జకాత్, వివాహం, వ్యాపారం అనే అధ్యాయాలతో పాటు ‘సియర్’ అనే అధ్యాయం కూడా ఉంటుంది. ఇది ‘సీరత్’ అన్న మాటకు బహువచనం. నడవడి, ప్రవర్తన అని అర్థం. ధర్మవేత్తల పరిభాషలో ముస్లిం రాజ్యం ఇతర రాజ్యాలతోనూ, ఇతర మతస్థులతోనూ యుద్ధంలో, శాంతిలో, తటస్థతలో ఎలా నడుచుకోవాలో తెలిపే శాస్త్రం ‘సియర్’. ఇమామ్ అబూ హనీఫా శిష్యులైన ఇమామ్ ముహమ్మద్ అష్షైబానీ (మరణం 805) ఈ విషయంపై ప్రత్యేక గ్రంథం రచించారు. దానికి ఇమామ్ సరఖ్సీ పదకొండవ శతాబ్దంలో విపులమైన వ్యాఖ్యానం చెప్పారు. అందులో కొంత చెరసాలలో ఉండగానే శిష్యులకు చెప్పి వ్రాయించారు. ఐరోపాలో అంతర్జాతీయ న్యాయశాస్త్రానికి పితామహుడని చెప్పబడే గ్రోషియస్ గ్రంథం వెలువడినది 1625లో. అనగా షైబానీకి ఎనిమిది వందల ఏండ్ల తర్వాత.

సరఖ్సీ వ్యాఖ్యానాన్ని 1916-17 ప్రాంతంలో నాలుగు సంపుటాలుగా అచ్చువేసినది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థయే. అప్పటికి హమీదుల్లాహ్ ఎనిమిదేండ్ల బాలుడు. ఆ గ్రంథాన్నే తర్వాత ఆయన ఫ్రెంచి భాషలోకి అనువదించారు.

సియర్ శాస్త్రాన్ని నేటి న్యాయ పరిభాషలో ఆయన వివరించిన ఆంగ్ల గ్రంథం ‘ముస్లిం కాండక్ట్ ఆఫ్ స్టేట్’. మొదట హైదరాబాదు నుండి వెలువడే ‘ఇస్లామిక్ కల్చర్’ పత్రికలో భాగాలుగా వచ్చి, తర్వాత పుస్తకమైంది. దూతకు ప్రాణరక్షణ, యుద్ధ ఖైదీల హక్కులు, స్త్రీలు, పిల్లలు, వృద్ధులు, మఠాలలోని సన్యాసులు మొదలైన యుద్ధం చేయనివారిని చంపరాదన్న నియమం, సంధి ఎలా కుదురుతుంది, ఎలా ముగుస్తుంది అన్నవి అందులో వివరమైన అధ్యాయాలు.

సంధి ముగింపు గురించి హదీసు గ్రంథాలలో ఒక సంఘటన ఉంది. హజ్రత్ ముఆవియా (రజి)కు రోమనులతో గడువు పెట్టుకున్న సంధి ఒకటి ఉండేది. గడువు తీరగానే దాడి చేయవచ్చునని ఆయన సేనను ముందుగానే సరిహద్దు వైపు నడిపించసాగారు. సంధిలోని అక్షరం ప్రకారం అందులో దోషం కనబడదు. కాని హజ్రత్ అమ్ర్ ఇబ్న్ అబసా (రజి) గుర్రంపై వచ్చి అడ్డుకున్నారు. గడువు పూర్తిగా తీరేవరకు ఆ ముడిని బిగించనూ రాదు, సడలించనూ రాదు. లేదా ఎదుటి పక్షానికి బహిరంగంగా తెలిపి రద్దు చేసుకోవాలి అన్న దైవప్రవక్త (స) ఆదేశాన్ని ఆయన వినిపించారు. ముఆవియా (రజి) సేనతో వెనుదిరిగారు. ఎదిరి పక్షం ముస్లిములు కారు. మోసపోతామని వారికి తెలియనైనా తెలియదు. అయినా సేన వెనుదిరిగింది. సియర్ అనే శాస్త్రం ఈ పునాది మీద నిలిచింది.

మదీనా పత్రం: ‘తో’, ‘లో’

1941లో కైరో నుండి హమీదుల్లాహ్ అరబీ సంకలనం ‘అల్ వసాయిఖ్ అస్సియాసియ్యా’ వెలువడింది. దైవప్రవక్త (స), తొలి నలుగురు ఖలీఫాల కాలానికి చెందిన లేఖలు, ఒడంబడికలు, అభయపత్రాలు అందులో ఉన్నాయి. ఒక్కొక్క పత్రం ఏయే పాత గ్రంథాలలో ఉంది, ఏ ప్రతిలో ఏ మాట తేడాగా ఉంది అని చూపడం ఆ సంకలనం విశిష్టత. తర్వాత పలు ముద్రణలలో ఆయన దానిని పెంచుతూ, సరిదిద్దుతూ వచ్చారు.

వాటన్నిటిలో ప్రసిద్ధమైనది మదీనా పత్రం. హిజ్రత్ (622) తర్వాత మదీనాలోని ముహాజిరులకూ, అన్సారులకూ, యూద వర్గాలకూ మధ్య దైవప్రవక్త (స) ఏర్పరచిన ఒడంబడిక ఇది. ఇబ్న్ ఇస్‌హాఖ్ చరిత్రలోనూ, అబూ ఉబైద్ వ్రాసిన ‘కితాబుల్ అమ్వాల్’లోనూ దీని పాఠం నిలిచి ఉంది. జర్మన్ పండితుడు వెల్హాసెన్ దీనిని 47 నిబంధనలుగా విభజించగా, హమీదుల్లాహ్ ఆ అంకెలనే ఉంచి, కొన్నిటిని ఉపనిబంధనలుగా విడదీసి 52గా లెక్కించారు. లోకంలో వ్రాతపూర్వకమైన తొలి రాజ్యాంగం ఇదేనని ఆయన వాదం. పత్రంలోని తొలి భాగం హిజ్రత్ తర్వాత వెంటనే వచ్చిందనీ, యూదులకు సంబంధించిన రెండవ భాగం బద్ర్ యుద్ధం తర్వాత చేరిందనీ ఆయన అభిప్రాయపడ్డారు.

యూదులకు వారి ధర్మం, ముస్లిములకు వారి ధర్మం అని ఈ పత్రం స్పష్టం చేస్తుంది. ఎవరి ఖర్చులు వారు భరించాలనీ, పత్రంలో చేరినవారిపై ఎవరు దాడి చేసినా ఒకరికొకరు తోడ్పడాలనీ అంటుంది. అన్యాయం చేసినవాడు తనకూ తన ఇంటివారికీ మాత్రమే కీడు తెచ్చుకుంటాడనీ పేర్కొంటుంది. ఈ చివరి అంశం గమనార్హం. తప్పు చేసినవానితోనే తప్పు ఆగిపోతుంది; అది అతని జాతికి, మతానికి అంటదు.

ఇందులోనే అనువాదకుని ఆపి ఆలోచింపజేసే ఒక చోటు ఉంది. బనూ ఔఫ్‌కు చెందిన యూదులు ఒక ‘ఉమ్మత్’ అని చెబుతూ, ఇబ్న్ ఇస్‌హాఖ్ ప్రతి ‘విశ్వాసులతో’ అన్న అర్థమిచ్చే ‘మఅ’ను వాడుతుంది. అబూ ఉబైద్ ప్రతిలో ‘విశ్వాసులలో’ అన్న అర్థమిచ్చే ‘మిన్’ ఉంది. తెలుగులో ఇది ‘తో’, ‘లో’ అనే ఒక్క అక్షరపు తేడా. ‘తో’ అంటే రెండు సముదాయాలు ప్రక్కప్రక్కన నడిచే ఏర్పాటు. ‘లో’ అంటే ఒకే రాజకీయ సముదాయంలో భాగం. అబూ ఉబైద్ తానే ఆ మాటకు వివరణ ఇస్తూ, ఇది పరస్పర సహాయానికి సంబంధించినదే గాని మతానికి సంబంధించినది కాదన్నారు. ఏ ప్రతిని తీసుకున్నా యూదులను వెలివేసే అర్థం మాత్రం రాదు.

ఇటువంటి చిన్న మాటల తగాదా ప్రాచీన పత్రాలకే పరిమితం కాదు. 1967 నవంబరు 22న భద్రతా మండలి ఆమోదించిన 242వ తీర్మానం, ఆ యుద్ధంలో ఆక్రమించిన భూభాగాల నుండి ఇజ్రాయేల్ సేనలు వైదొలగాలన్నది. ఆంగ్ల ప్రతిలో ‘భూభాగాలు’ అన్న మాటకు ముందు ‘ఆ’ అన్నంత చిన్న నిర్దేశక పదం లేదు. ఫ్రెంచి ప్రతిలోని మాట తీరు ‘ఆ భూభాగాలు’ అన్న అర్థానికి దారి ఇస్తుంది. కొన్నిటి నుండి వైదొలగితే చాలునని ఇజ్రాయేల్ పక్షం, అన్నిటి నుండీ వైదొలగాలని అరబ్బుల పక్షం అప్పటి నుండి వాదిస్తూ వచ్చాయి. యుద్ధం ద్వారా భూమిని సంపాదించడం చెల్లదని అదే తీర్మానపు పీఠికలో ఉన్న వాక్యాన్ని అరబ్బుల పక్షం తనకు ఆధారంగా చూపుతుంది. మదీనా పత్రంలోని ‘మఅ’, ‘మిన్’ తేడాను చదవడం నేర్చినవానికి 242వ తీర్మానం కొత్త కాదు.

అఖబా అఖాతంలో రెండు అభయపత్రాలు

హిజ్రీ 9వ సంవత్సరంలో (630) దైవప్రవక్త (స) తబూక్ వరకు వెళ్ళినప్పుడు ఆ ప్రాంతపు ఊళ్ళవారు వచ్చి ఒడంబడికలు చేసుకున్నారు. వాటిలో రెండింటిని పరిశీలిద్దాం. మొదటిది ఐలా రేవు ప్రభువైన యుహన్నా ఇబ్న్ రూబాకు ఇచ్చినది. ఆయన క్రైస్తవుడు. సముద్రంపై వారి ఓడలకూ, నేలపై వారి ప్రయాణీకులకూ అభయం ఇస్తూ, వారు వాడే నీటిరేవులను, దారులను ఎవరూ అడ్డగించరాదని అందులో ఉంది. రెండవది మఖ్నా అనే ఊరి యూదులతో జరిగినది. తమ ఖర్జూరపు పంటలోనూ, పట్టిన చేపలలోనూ, స్త్రీలు వడికిన నూలులోనూ నాలుగవ వంతు చెల్లించి వారు తమ ఊళ్ళో తాము ఉండేటట్టు ఏర్పాటు. యుద్ధానికి సిద్ధమై వెళ్ళిన సేన, ఈ ఊళ్ళతో కత్తి దూయకుండా ఒడంబడికలతో తిరిగివచ్చింది.

ఐలా అంటే నేటి అఖబా ప్రాంతం. జోర్డాన్‌లోని అఖబా, ఇజ్రాయేల్‌లోని ఐలాత్ రెండూ ఆ కొననే ఉన్నాయి. మఖ్నా ఆ అఖాతపు తూర్పు తీరాన, నేటి సౌదీ అరేబియాలో ఉంది. ఆ అఖాతపు ముఖద్వారమే తిరాన్ జలసంధి. 1967 మేలో ఈజిప్టు ఆ జలసంధిని ఇజ్రాయేల్ ఓడలకు మూసివేయడం ఆ యేటి జూన్ యుద్ధానికి దారితీసిన కారణాలలో ముఖ్యమైనది. 1979 నాటి ఈజిప్టు-ఇజ్రాయేల్ సంధిలోనూ, 1994 అక్టోబరు 26న వాదీ అరబాలో జరిగిన జోర్డాన్-ఇజ్రాయేల్ సంధిలోనూ ఆ జలమార్గం అందరికీ తెరచి ఉండాలని వ్రాసుకోవలసి వచ్చింది. అదే తీరంలో నీటి దారిని అడ్డుకోరాదని ఏడవ శతాబ్దంలోనే ఒక పత్రం ఉందన్న సంగతి మనవారికి గర్వకారణమే. కాని గర్వంతో ఆగిపోతే ప్రయోజనం లేదు. ఆ పత్రం వ్రాసి ఇచ్చిన పక్షానికి ఆనాడు బలం ఉంది. బలం ఉన్నప్పుడు దారి తెరచి ఉంచడమే అందులోని పాఠం. నేడు బలం ఉన్నవారికీ అది వర్తిస్తుంది.

ఖైబర్, హుదైబియా పేర్లు వాడేవారికి

కొన్ని దేశాలలో ఊరేగింపులలో ఖైబర్ పేరు ఎత్తి యూదులను బెదిరించే నినాదాలు వినిపిస్తాయి. హిజ్రీ 7వ సంవత్సరంలో (628) ఖైబర్ కోటలు లొంగిన మాట నిజం. ఆ తర్వాత జరిగినది ఆ నినాదంలో లేదు. సగం పంట ఇచ్చే ఒప్పందంపై అక్కడి యూదులనే దైవప్రవక్త (స) సేద్యానికి ఉంచారు. పంట అంచనాకు వెళ్ళిన హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్న్ రవాహా (రజి) ఖర్జూరాన్ని రెండు భాగాలుగా అంచనా వేసి, మీకు నచ్చిన భాగం మీరు తీసుకోండని వారికే ఎంపిక వదిలారు. తర్వాత హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో వారిని అక్కడి నుండి పంపివేయడం కూడా చరిత్రలో ఉంది, దానిని దాచనక్కరలేదు. ఒక చోట, ఒక కాలంలో జరిగిన ఆ నిర్ణయం శాశ్వత వైరానికి శాసనం కాదని మాత్రం చెప్పవలసి ఉంది.

బనూ ఖురైజా విషయం ఇంతకంటె కఠినమైనది. కందక యుద్ధంలో శత్రువుతో చేతులు కలిపారన్న నేరంపై, వారు మధ్యవర్తిగా ఒప్పుకున్న హజ్రత్ సఅద్ ఇబ్న్ ముఆజ్ (రజి) మరణశిక్ష విధించారు. ఆయన యూదుల సొంత ధర్మగ్రంథంలోని యుద్ధ నియమాన్నే వారికి వర్తింపజేశారని హమీదుల్లాహ్ వివరణ. ఈ వివరణతో అందరు పండితులూ ఏకీభవించలేదు. ఏది ఏమైనా, ఆ తీర్పు ఒక తెగపై ఒక నేరానికి వచ్చింది. అదే కాలంలోనూ ఆ తర్వాతా మఖ్నా యూదులకు అభయం దొరికింది. మొదటిదానిని మాత్రమే తీసుకుని రెండవదానిని వదిలేవారు పత్రాలను చదవలేదని తెలుస్తున్నది.

ఇటువంటిదే హుదైబియా సంగతి. 1994 మేలో యాసిర్ అరాఫాత్ జోహాన్నెస్‌బర్గ్‌లోని మసీదులో ప్రసంగిస్తూ ఓస్లో ఒప్పందాన్ని హుదైబియా సంధితో పోల్చారు. వెంటనే ఇజ్రాయేల్‌లో గగ్గోలు పుట్టింది. ముస్లిములు బలహీనులుగా ఉన్నప్పుడు సంధి చేసి, బలపడగానే దానిని తెంచుతారనీ, హుదైబియా అందుకు దృష్టాంతమనీ కొందరు వ్రాశారు. ఇది పత్రానికి విరుద్ధం. హిజ్రీ 6వ సంవత్సరంలో (628) ఖురైషులతో పదేండ్లకు కుదిరిన ఆ సంధిని తెంచినది ముస్లిములు కారు. ముస్లిములతో చేయి కలిపిన ఖుజాఆ తెగపై, ఖురైషుల పక్షాన ఉన్న బనూ బక్ర్ తెగ దాడి చేయడం, ఖురైషులలో కొందరు దానికి తోడ్పడడంతో అది తెగిపోయింది. అంతకు ముందు ముస్లిములు ఆ సంధిని ఎంత కష్టమైనా పాటించారు. సంధి వ్రాస్తుండగానే సంకెళ్ళతో పారిపోయి వచ్చిన అబూ జందల్ (రజి)ను, ఒప్పుకున్న షరతు ప్రకారం తిరిగి అప్పగించారు. అపవాదు వేసేవానికి జవాబు చెప్పాలంటే ఈ వివరం తెలిసి ఉండాలి. ఓస్లోను తెంచడానికి హుదైబియాను సాకుగా చూపే మనవానికి జవాబు చెప్పాలన్నా ఇదే తెలిసి ఉండాలి.

1948 సెప్టెంబరు

హమీదుల్లాహ్ జీవితం ఈ పత్రాల లోకంలోకి తానే వచ్చిపడిన సందర్భం ఒకటి ఉంది. 1948 ఆగస్టులో హైదరాబాదు సంస్థానం భారతదేశంతో తన వివాదాన్ని ఐక్యరాజ్య సమితి భద్రతా మండలికి నివేదించింది. అంతర్జాతీయ న్యాయశాస్త్ర నిపుణులుగా ఆయన ఆ ప్రతినిధి వర్గంలో ఉన్నారు. పారిస్‌లో సెప్టెంబరు 16న మండలి ఆ విషయాన్ని చర్చకు తీసుకున్నది. మరునాడు, 17న, నిజాం సేనల లొంగుబాటు ప్రకటన వెలువడింది. తర్వాత నిజాం ఆ ఫిర్యాదును ఉపసంహరించుకున్నారు. ఆ యేడు మన తెలంగాణ పల్లెలు ఎన్ని విధాల నలిగిపోయాయో, ఎవరెవరి చేత నలిగాయో పెద్దలు ఎరిగినదే. ఆ చరిత్ర ఈ వ్యాసపు పరిధి కాదు.

అదే సెప్టెంబరు 17న జెరూసలేములో ఐక్యరాజ్య సమితి మధ్యవర్తి కౌంట్ బెర్నడాట్‌ను యూద తీవ్రవాద ముఠా ఒకటి కాల్చి చంపింది. ఇండ్లు విడిచిన పాలస్తీనా అరబ్బులకు తిరిగివచ్చే హక్కు ఉండాలని సిఫారసు చేస్తూ ఆయన తన నివేదికపై సంతకం చేసినది ఆ ముందు రోజే. ఆ సిఫారసే 1948 డిసెంబరు 11న అదే పారిస్‌లో సర్వప్రతినిధి సభ ఆమోదించిన 194వ తీర్మానంలో చేరింది. పాలస్తీనా శరణార్థుల తిరుగు ప్రయాణపు హక్కుకు నేటికీ చూపే ఆధారం ఆ తీర్మానపు 11వ పేరా.

పాలస్తీనా శరణార్థుల సమస్య పారిస్‌లో చర్చకు వచ్చిన ఆ నెలలలోనే అదే నగరంలో హమీదుల్లాహ్ తానే శరణార్థి అయ్యారు. ఆయన హైదరాబాదుకు తిరిగి రాలేదు. ఫ్రాన్సులో దశాబ్దాల పాటు శరణార్థి పత్రాలతోనే జీవించారు. ఫ్రెంచి పౌరసత్వం తీసుకోలేదు. రాజ్యం పోయినవాని రచనలలో కసి ఉండడం లోకసహజం. ఆయన రచనలలో అది కనబడదు. 1948కి ముందు ఏ పద్ధతిలో పత్రాలను పరిశీలించారో, తర్వాతా అదే పద్ధతిలో పరిశీలించారు.

పారిస్ సంవత్సరాలు

1954 నుండి 1978 వరకు ఆయన ఫ్రాన్సు జాతీయ శాస్త్ర పరిశోధన కేంద్రంలో పనిచేశారు. ఇస్తాంబుల్‌తో సహా టర్కీ విశ్వవిద్యాలయాలలో ఏండ్ల తరబడి పాఠాలు చెప్పారు. 1959లో దివ్య ఖుర్ఆన్‌కు ఆయన ఫ్రెంచి అనువాదమూ, రెండు సంపుటాల ప్రవక్త జీవిత చరిత్రా వెలువడ్డాయి. అబూ హురైరా (రజి) శిష్యులైన హమ్మామ్ ఇబ్న్ మునబ్బిహ్ సేకరించిన 138 హదీసుల చిన్న గ్రంథాన్ని డమాస్కస్, బెర్లిన్ ప్రతుల ఆధారంగా వెలికితీసి 1953లో ప్రకటించారు. హదీసులు చాలా కాలం వరకు వ్రాతలో లేవన్న వాదానికి ఆ ప్రతి గట్టి జవాబయింది. అంతకుముందే 1930లలో బద్ర్, ఉహుద్ మొదలైన యుద్ధభూములకు స్వయంగా వెళ్ళి, కొలతలు తీసి, పటాలు గీసి ఒక గ్రంథం వ్రాశారు. ఏ విషయమైనా ఆయన పద్ధతి ఒక్కటే: మూలానికి వెళ్ళడం, కళ్ళతో చూడడం, కొలవడం, ఆ తర్వాతే మాట్లాడడం.

1980 మార్చిలో బహావల్‌పూర్‌లోని ఇస్లామియా విశ్వవిద్యాలయంలో ఉర్దూలో ఇచ్చిన పన్నెండు ఉపన్యాసాలు ‘ఖుత్బాతె బహావల్‌పూర్’ పేరుతో ప్రసిద్ధమైనాయి. అందులో ఒకటి ఇస్లామీయ అంతర్జాతీయ న్యాయం గురించినది. ఉర్దూ చదవగలిగిన పాఠకులు ఆయన రచనలలో దేనితో మొదలుపెట్టాలని అడిగితే ఈ పుస్తకాన్నే చెబుతాను. 1985లో పాకిస్తాన్ ప్రభుత్వం హిజ్రా పురస్కారం కింద ఇచ్చిన పది లక్షల రూపాయలను ఆయన ఇస్లామాబాద్‌లోని ఇస్లామీయ పరిశోధన సంస్థకు విరాళంగా ఇచ్చివేశారు. వివాహం చేసుకోలేదు. వార్ధక్యంలో 1996లో అమెరికా వెళ్ళి బంధువుల వద్ద ఉండి, 2002 డిసెంబరు 17న ఫ్లోరిడా రాష్ట్రంలోని జాక్సన్‌విల్‌లో కన్నుమూశారు.

ఆయన నిర్ణయాలన్నీ తిరుగులేనివని అనుకోనవసరం లేదు. మదీనా పత్రం ఒకే ఒడంబడిక కాదు, వేర్వేరు సమయాలలో వ్రాసిన ఎనిమిది పత్రాల కూర్పు అని సెర్జెంట్ అనే పండితుడు వాదించారు. ఖైనుఖా, నదీర్, ఖురైజా అనే మూడు పెద్ద యూద తెగల పేర్లు అందులో లేకపోవడం గురించి నేటికీ చర్చ సాగుతున్నది. ‘తొలి రాజ్యాంగం’ అన్న బిరుదును ఒప్పుకోని చరిత్రకారులూ ఉన్నారు. కాని ఆ పత్రం ప్రాచీనమైనదనీ, నమ్మదగినదనీ, ఇస్లామీయ చరిత్ర ఆధారాలను సంశయించే పాశ్చాత్య పండితులు సైతం అంగీకరిస్తారు. చర్చ జరిగే స్థాయికి దానిని తెచ్చినవారిలో హమీదుల్లాహ్ ముఖ్యులు.

మనం చేయవలసినది

2023 అక్టోబరు నుండి గాజాలో జరిగిన విధ్వంసం చూసి హృదయం ద్రవించనివారు మనలో లేరు. ఆ యుద్ధకాలంలో దక్షిణాఫ్రికా 2023 డిసెంబరులో అంతర్జాతీయ న్యాయస్థానంలో వ్యాజ్యం వేసింది. 2024 జనవరి 26న ఆ న్యాయస్థానం గాజా ప్రజల రక్షణకై తాత్కాలిక ఆదేశాలు ఇచ్చింది. 2024 జులై 19న, 1967లో ఆక్రమించిన పాలస్తీనా భూభాగాలలో ఇజ్రాయేల్ కొనసాగడం చట్టవిరుద్ధమని అదే న్యాయస్థానం సలహా అభిప్రాయం వెలువరించింది. ఆయుధం లేనివారికి చివరకు మిగిలేది పత్రమే. ఆ పత్రం చదవలేని సముదాయం తన పక్షాన ఉన్న న్యాయాన్ని కూడా సరిగా చెప్పుకోలేదు.

చదివేటప్పుడు రెండు పక్షాల పత్రాలనూ ఒకే కొలతతో చదవాలి. యుద్ధం చేయనివానిని చంపరాదన్న షైబానీ నియమం గాజాలోని పిల్లవానికి వర్తించినట్టే ఇజ్రాయేల్ పల్లెలోని పిల్లవానికీ వర్తిస్తుంది. ఒక ప్రభుత్వం చేసిన అన్యాయాన్ని లోకంలోని యూదులందరికీ అంటగట్టడం మదీనా పత్రంలోని నిబంధనకే విరుద్ధం. మన పొరుగున గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న యూద సముదాయం ఉంది. టెల్ అవీవ్‌లో జరిగే నిర్ణయాలకు వారిని నిలదీయడం ఎంత అసంగతమో మనకు వెంటనే తెలుస్తుంది; ఎక్కడో జరిగిన దుర్మార్గానికి మనను నిలదీసినప్పుడు మనకు తగిలే బాధ అదే కాబట్టి.

మన మదరసాలలో పై తరగతుల విద్యార్థులకు ‘కితాబుస్సియర్’ పాఠం వచ్చినప్పుడు, దానితో పాటు మదీనా పత్రాన్నీ, 194, 242 తీర్మానాలనూ తెలుగులో ముందుంచి చదివించడం కష్టమైన పని కాదు. వాటన్నిటినీ కలిపినా కొద్ది పుటలకు మించవు. అల్లాహ్ డాక్టర్ హమీదుల్లాహ్ గారిని తన కారుణ్యంతో కప్పుగాక. ఆయన వదిలిన పనిని మన భాషలో కొనసాగించే శక్తిని మనకు ప్రసాదించుగాక.